అందుగు బంకకు పరీక్ష

నల్లమల కొండలమీదను, ఆదిలాబాదు అడవులలోను, అంతకంటె మిక్కుటముగా మధ్యప్రదేశపు మెట్టలమీదను అందుగు అను చెట్టు పెరుగును. ఇది మహావృక్షము కాదు. చూపునకు గొప్పగా కనబడునదియు కాదు. దీని బెరడు పలుచని కాగితపు పొరలవలె లేచి ఊడిపోవుచుండును. ఎండకాలము వచ్చుసరికి ఆకులన్నియు రాలి చెట్టు మోడువలె నిలుచును. కాని మానునకు గాటు పెట్టినచో ఒక జిగురు మెల్లమెల్లగా ఊరివచ్చి, గాలి సోకి గట్టిపడును. ఆ బంకను నిప్పుపై చల్లినప్పుడు కమ్మని వాసన వచ్చును. సంస్కృతమున ఈ చెట్టును శల్లకి యందురు. ఏనుగులకు దీని కొమ్మలు ప్రీతియట. అందుచేత అమరకోశమున దీనికి గజభక్ష్య యను పేరును కలదు. శాస్త్రజ్ఞులు దీనికి బాస్వెలియా సెర్రేటా యని నామకరణము చేసిరి. ఒకప్పుడు సామర్లకోటలో తోట పెంచి తెలుగునాటి మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు పేరు ఈ శాస్త్రీయ నామముతో నేటికిని ముడివడియున్నది.

అంగడిలో మాత్రము పేర్ల చిక్కు కలదు. సాంబ్రాణి, గుగ్గిలము, గుగ్గులు అను మాటలను జనులు కలగాపులగముగా వాడుచుందురు. గుగ్గులు రాజస్థానము, గుజరాతులలోని మెట్టభూములయందు పెరుగు వేరొక ముండ్లమొక్క బంక. శేషాచలపు కొండలలోని సాంబ్రాణిచెట్టు అందుగునకు దాయాదియే కాని అందుగు కాదు. ఒక చెట్టు బంకపై జరిగిన పరీక్ష మరియొక చెట్టు బంకకు సాక్ష్యము కానేరదు. కాబట్టి ఇచ్చట చెప్పబోవునదంతయు అందుగును గూర్చియే.

చరక సుశ్రుత సంహితలలో శల్లకి ప్రసక్తి కలదు. కీళ్ళనొప్పులకు ఈ బంకను వాడుట మన దేశమున చాల కాలమునుండి వచ్చుచున్న ఆచారము. అయితే ఆచారము ప్రాచీనమైనంత మాత్రమున మందు పనిచేయునని చెప్పవచ్చునా? పని చేయదని త్రోసివేయవచ్చునా? రెండును తొందరపాటే. ఇటీవలి నలువది సంవత్సరములలో ఈ బంకసారమును కొందరు వైద్యులును, శాస్త్రజ్ఞులును పరీక్షకు నిలిపిరి. ఆ పరీక్ష ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు ముందు మోకాటి సంగతి కొంత తెలియవలెను.

తొడయెముకయు, దాని క్రింది కాలియెముకయు కలియు చోటు మోకాలు. ఆ రెండు యెముకల కొనలపైనను నున్నని తెల్లని పొర ఒకటి కప్పబడియుండును. దీనిని మృదులాస్థి యందురు. తలుపు బందునకు చమురు ఎట్లో కీలునకు ఈ పొరయు, దాని నడుమనుండు జిగట ద్రవమును అట్లు. మృదులాస్థిలో నెత్తురునాళములు లేవు. అందుచేత అది చెడినచో మరల పూరించుకొను శక్తి దానికి మిక్కిలి తక్కువ. వయసు పైబడినకొలదియు, దేహభారము హెచ్చినకొలదియు, పూర్వము తగిలిన దెబ్బలవలనను ఆ పొర పలుచబడి గరుకు దేలును, కీలు వాచును, మెట్లు దిగునప్పుడును, నేలపై కూర్చుండి లేచునప్పుడును ముసలివారు మోకాటిపై చేయి వేసి మూలుగుట ప్రతి యింటను చూచుచున్నదే. ఇది అరుగుదలవలన కలిగిన కీళ్ళవ్యాధి.

దీనికి భిన్నమైన వ్యాధి మరియొకటి కలదు. శరీరమును రక్షింపవలసిన శక్తియే దారితప్పి కీళ్ళ లోపలి పొరపై దాడి చేయుట దాని లక్షణము. అది పలుమారు చేతివ్రేళ్ళతో ఆరంభమగును. నడివయసు వారిని, ఒక్కొక్కప్పుడు పడుచువారిని కూడ పట్టును. ఉదయము లేవగానే వ్రేళ్ళు చాల సేపు బిగిసియుండును. వైద్యులు దీనిని రుమటాయిడ్ కీళ్ళవాతమందురు. ఈ రెండు వ్యాధులకును జనులు పెట్టిన పేరు కీళ్ళనొప్పి యొక్కటియే. ఇందు మోసపోవుటకు ఎంత తావు కలదో ముందు తెలియగలదు.

నొప్పి తగ్గించు మాత్రలు వైద్యశాస్త్రమున లేకపోలేదు. అవి త్వరగా పని చేయును. కాని నెలల తరబడి, యేండ్ల తరబడి మ్రింగువారికి కడుపులో పుండ్లు పడుటయు, ఆ పుండ్లనుండి నెత్తురు కారుటయు, మూత్రపిండములు చెడుటయు కలదు. కడుపునకు మేలని 1999లో విడుదలయైన రోఫెకాక్సిబ్ అను కీళ్ళనొప్పి మందు లోకమంతట అమ్ముడుపోయెను. అది గుండెపోటు ప్రమాదమును హెచ్చించునని తేలగా 2004 సెప్టెంబరులో దానిని అంగళ్ళనుండి ఉపసంహరించిరి. మాత్ర మ్రింగినచో కడుపు చెడును, మానినచో కాలు కదలదు అను ఇరకాటమున పడిన వృద్ధులు కోట్లమంది. వారికి చెట్టు మందు ఒకటి నిజముగా దొరికినచో మహోపకారమే. దొరకకయే దొరికినదని చెప్పినచో, వారి సొమ్మునకును కాలమునకును తీరని నష్టము.

అయితే మందు ఇచ్చి, నొప్పి తగ్గినదా యని అడిగినచో సరిపోదా? సరిపోదని 1799వ సంవత్సరములోనే ఒక వైద్యుడు నిరూపించెను. ఆ కథ మిక్కిలి వినదగినది.

ఆ కాలమున అమెరికాలో ఎలీషా పెర్కిన్స్ అను వైద్యుడు రెండు చిన్న లోహపు పుల్లలను తయారుచేసి, వానిని నొప్పిగల చోట రాచినచో నొప్పిని లాగివేయునని ప్రకటించి, 1796లో వానిపై ప్రత్యేకహక్కును కూడ సంపాదించెను. అతని కుమారుడు ఇంగ్లండునకు పోయి ఆ పుల్లల జతను అయిదు గినీల వెలకు అమ్మసాగెను. అది ఆనాటికి పెద్ద మొత్తము. అయినను కొనువారు కొనుచునే యుండిరి. బాగుపడితిమని చెప్పువారు చెప్పుచునే యుండిరి. కీళ్ళనొప్పి రోగులు స్నానములకై వచ్చుచుండెడి బాత్ నగరమున జాన్ హేగార్త్ అను వైద్యుడు ఈ సంగతి విని, కఱ్ఱతో అచ్చముగా అట్టి పుల్లలనే చేయించి, లోహమువలె కనబడునట్లు రంగు వేయించెను. ఆ నగరపు ఆసుపత్రిలో కీళ్ళనొప్పులతో బాధపడుచున్న అయిదుగురిని ఎన్నుకొని, మరియొక వైద్యుని సమక్షమున ఆ కఱ్ఱపుల్లలతో రాచెను. అయిదుగురిలో నలుగురు తమకు నొప్పి తగ్గినదనిరి. అందొకడు తన మోకాలు వెచ్చబడినదనియు, నడక మెరుగైనదనియు చెప్పి, సంతోషముతో నడచి చూపెను! మరునాడు అసలైన లోహపు పుల్లలతో రాచిరి. ఫలితము మునుపటివలెనే యుండెను.

ఆ నలుగురును అబద్ధమాడిరని తలపరాదు. వారికి నిజముగనే హాయి కలిగినది. మందు పడినదన్న నమ్మకము నొప్పిని కొంతకాలము అణచగలదు. దీనికి తోడు కీళ్ళనొప్పికి ఆటుపోటులు కలవు. ఒక వారము హెచ్చును, ఒక వారము తగ్గును. నొప్పి మిక్కుటమైననాడే మనుష్యుడు మందుకొరకు బయలుదేరును. ఆ తరువాత అది తనంతట తగ్గినను ఆ కీర్తి మందునకే చెల్లును. పసరు పోసినవానికిని, తాయెత్తు కట్టినవానికిని, ఖరీదైన మాత్ర వ్రాసిన వైద్యునికిని ఈ అయాచిత కీర్తి సమానముగనే లభించుచుండును. కాబట్టి పరీక్షలో అడుగవలసిన ప్రశ్న "నొప్పి తగ్గినదా?" అని కాదు, "ఉత్తి మాత్ర మ్రింగినవారి కంటె ఎక్కువగా తగ్గినదా?" అని.

అందుగు బంక మనుష్యుల వద్దకు వచ్చుటకు ముందు ఎలుకల వద్దకు పోయెను. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయమున సింగ్, అటల్ అను శాస్త్రజ్ఞులు ఈ బంకనుండి ఆల్కహాలుతో సారము తీసి పరీక్షించి, 1986లో ఫలితములను ప్రకటించిరి. సముద్రపు నాచునుండి తీసిన కారజీనన్ అను పదార్థమును ఎలుక పాదమున సూదితో ఎక్కించినచో ఆ పాదము కొన్ని గంటలలో వాచును. ముందుగా సారము తినిపించిన ఎలుకలలో ఆ వాపు తక్కువగా ఉండెను. ఎలుకలకు తెప్పించిన కీళ్ళవ్యాధిలో సైతము గుణము కనబడెను. మాత్రలవలె ఈ సారము వాని కడుపులో పుండ్లు పుట్టింపలేదు. ఎలుకకు నమ్మకమను జబ్బు లేదు. పుల్ల కఱ్ఱదో లోహముదో దానికి పట్టదు. అదియే ఈ పరీక్షకుగల బలము. కాని ఎలుక మనుష్యుడు కాదు. ఒక పూటలో తెప్పించిన వాపు ముప్పది యేండ్లుగా అరిగిన మోకాలును కాదు.

వాపు ఎందుచేత తగ్గినదను ప్రశ్నకు సమాధానము జర్మనీదేశపు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమునుండి వచ్చెను. అచ్చట అమ్మోన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును 1991, 1992లలో ప్రకటించిన విషయమిది: దెబ్బ తగిలిన చోటికి తెల్లరక్తకణములను పిలిచి, వాపును హెచ్చించు ల్యూకోట్రయీనులు అను పదార్థములు శరీరములో తయారగుచుండును. వానిని తయారుచేయుటకు ఒక ఎంజైము కావలెను. అందుగు బంకలోని బాస్వెల్లిక్ ఆమ్లములు ఆ ఎంజైము పనిని అడ్డగించును. సాధారణపు నొప్పిమాత్రలు అడ్డగించు ఎంజైము వేరు. అందుచేత ఈ బంక మరియొక త్రోవన పోవుచున్నదని శాస్త్రజ్ఞులకు ఆశ కలిగెను. పిమ్మట ఈ ఆశకు కొంత తగ్గుదలయు వచ్చెను. ఈ ఆమ్లములు ప్రేగులనుండి నెత్తురులోనికి సులువుగా చేరవు; క్రొవ్వుగల భోజనముతోపాటు తీసికొన్నప్పుడు కొంత మెరుగుగా చేరును. గాజుపాత్రలో చేసిన పని కీలులో చేయునా యనుటకు సాక్ష్యము చెప్పవలసినది మోకాలే.

మోకాటి సాక్ష్యము నాగపురమున దొరికెను. అచ్చట వైద్యులు మోకాలు అరిగిన 30 మందిని తీసికొని, పదునైదుగురు చొప్పున రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు 8 వారములు అందుగు సారముగల క్యాప్సూళ్ళు, రెండవ జట్టునకు ఉత్తి క్యాప్సూళ్ళు ఇచ్చిరి. పిమ్మట కొన్ని దినములు మందు మాన్పించి, జట్లను తారుమారు చేసి మరల 8 వారములు ఇచ్చిరి. ఈ మార్పిడిలో గొప్ప సౌలభ్యము కలదు. ప్రతి రోగియు రెండింటిని మ్రింగును గనుక, రామయ్య మోకాటిని సోమయ్య మోకాటితో పోల్చవలసిన పని లేదు. రామయ్య మోకాటిని రామయ్య మోకాటితోనే పోల్చవచ్చును.

ఇట్టి పరీక్షలలో ఎవరికి ఏది ఈయవలెనో వైద్యుడు తన యిష్టము చొప్పున నిర్ణయింపరాదు. ఎంత మంచివాడైనను, తనకు తెలియకయే చులకన నొప్పివారికి మందును, కష్టమైనవారికి ఉత్తి మాత్రను ఇచ్చుట సంభవించును. లేదా జాలిచే అందుకు విరుద్ధముగా చేయుట సంభవించును. కావున చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా పంచుదురు. ఏ సీసాలో ఏది యున్నదో రోగికి తెలియదు. నొప్పిని కొలుచు వైద్యునికిని తెలియదు. సంకేతముల పట్టిక వేరొకరి వద్ద భద్రముగా నుండును. పరీక్ష ముగిసిన పిమ్మటనే దానిని విప్పుదురు. రోగులకు మాత్రము తాము ఉత్తి మాత్రను మ్రింగుట సంభవించునని ముందుగనే చెప్పి, వారి సమ్మతి పొందవలెను. ఇష్టము లేనప్పుడు వారు మధ్యలో మానుకొనవచ్చును. ఇది మోసము కాదు. ఇరువైపుల ఎరిగి ఒప్పుకొన్న గోప్యము.

నొప్పిని కొలుచుటకు తక్కెడ లేదు. అయినను ఉపాయము కలదు. కాగితముపై ఒక గీటు గీసి, ఒక కొనను సున్న, రెండవ కొనను నూరు అనుకొని, "నొప్పి లేకుండుట సున్న, భరింపరాని నొప్పి నూరు, నీ నొప్పి ఎచ్చట నున్నది?" అని రోగినే గుర్తు పెట్టుమందురు. మెట్లెక్కుట, మంచము దిగుట మొదలైన పనులలో కష్టమెంతయో వేరువేరుగా అడుగుదురు. ఎంత దూరము నడువగలడో, మోకాలు ఎంతవరకు వంగునో చూచెదరు.

నాగపురపు ఫలితములు 2003లో ప్రకటింపబడెను. అందుగు సారము తీసికొన్న వారములలో రోగులకు నొప్పి తగ్గెను. మోకాటి వంపు హెచ్చెను. నడచు దూరము పెరిగెను. కొందరికి కడుపులో స్వల్పమైన ఇబ్బంది కలిగెను. ఎక్స్‌రే చిత్రములలో మాత్రము ఏ మార్పును కనబడలేదు. ఈ చివరి వాక్యమును దాచక వ్రాసినందుకు ఆ వైద్యులను మెచ్చుకొనవలెను. అరిగిన పొర మరల మొలిచెనని వారు చెప్పలేదు. అట్లు చెప్పెడి ప్రకటనలను మాత్రము బస్సులవెనుకను, గోడలమీదను చూడవచ్చును.

ఇదే బంక రుమటాయిడ్ కీళ్ళవాతమునకు పనికివచ్చునా యని జర్మనీలో పరీక్షించిరి. 1998లో ప్రకటింపబడిన ఆ పరీక్షలో 37 మంది రోగుల వివరములను పరిశీలించిరి. వారు తాము వాడుచున్న మందులతోపాటు దినమునకు 9 మాత్రల చొప్పున 12 వారములు మ్రింగిరి. కొందరివి అందుగు మాత్రలు, కొందరివి ఉత్తివి. సంకేతములు విప్పి చూడగా కొలువదగిన ప్రయోజనమేమియు కనబడలేదు. ఎలుకల కీళ్ళలో గుణమిచ్చినది మనుష్యుల కీళ్ళలో ఈయలేదు. ఈ వార్తను అమ్మకందారులు ఎంతమాత్రము చాటరు. కాని రోగికి దీనికంటె ముఖ్యమైన వార్త వేరొకటి లేదు. రుమటాయిడ్ వ్యాధికి తగిన మందులు తొలినాళ్ళలోనే మొదలుపెట్టినచో కీళ్ళు నిలుచును. చెట్టు మందుతో నయమగునని వానిని మాని కూర్చున్నవారి వ్రేళ్ళు వంకరపోవును. పోయిన వంకర తిరిగిరాదు. రెండు వ్యాధులకు ఒక్క పేరు పెట్టుటలోని ప్రమాదము ఇదియే.

తెలుగుదేశమునందును ఈ పరీక్ష జరిగినది. విజయవాడలోని ఒక సంస్థవారు బాస్వెల్లిక్ ఆమ్లములలో మేలైనదానిని నూటికి 30 వంతులుగా హెచ్చించి ఒక సారమును తయారుచేసిరి. ఏలూరులోని వైద్యకళాశాలలో మోకాలు అరిగిన 75 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టునకు దినమునకు 100 మిల్లిగ్రాములు, ఒక జట్టునకు 250 మిల్లిగ్రాములు, మూడవ జట్టునకు ఉత్తి మందు 90 దినములు ఇచ్చిరి. 70 మంది తుదివరకు నిలిచిరి. 2008లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము సారము మ్రింగిన రెండు జట్లకును నొప్పి ఎక్కువగా తగ్గెను. 250 మిల్లిగ్రాముల జట్టువారికి ఏడవనాటికే తేడా కనబడెను. కీలులోని ద్రవమును తీసి చూడగా, మృదులాస్థిని కరగించు ఒక ఎంజైము కూడ తగ్గియుండెను. ఆ పత్రమును వ్రాసినవారిలో మందు తయారుచేసిన సంస్థకు చెందినవారును కలరు. ఇది తప్పు కాదు. పత్రమునందే ఆ సంబంధము తెలియుచున్నది. అయినను తన పెరటి మామిడి తియ్యనిదని చెప్పువాని మాటను నమ్ముటకు ముందు పొరుగువాడు కూడ ఒక ముక్క రుచి చూచుట మంచిది.

ఆ పని చేయు పండితమండలులు కలవు. కాక్రేన్ అను సంస్థవారు లోకములో జరిగిన పరీక్షలనన్నిటిని ఏర్చి కూర్చి, మేలైనవానిని కలిపి లెక్కకట్టుదురు. అరుగుదల వ్యాధికి లోనికి తీసికొను మూలికామందులను గూర్చి వారు 2014లో ప్రకటించిన నివేదికలో అందుగు సారమునకు చోటు దొరికెను. దినమునకు 100 మిల్లిగ్రాముల చొప్పున 90 దినములు వాడిన రెండు పరీక్షలను కలుపగా, ఉత్తి మందు తీసికొన్నవారి నొప్పి నూటికి 40 గీట్ల వద్ద నుండెను. సారము తీసికొన్నవారికి అంతకంటె 17 గీట్లు తక్కువగా నుండెను. ఇది తీసివేయదగిన తేడా కాదు. నూటికి 40 నొప్పిగల అవ్వ 23 నొప్పితో బావివద్దకు పోయి రాగలదు. అయితే ఆ రెండు పరీక్షలలోని జనసంఖ్య 85 మాత్రమే. అంత చిన్న సంఖ్యనుండి వచ్చిన 17, నిజమునకు 8 కావచ్చును, 26 కావచ్చును అని లెక్క కట్టినవారే హద్దులు చూపిరి.

పరీక్షలు కొన్ని ఓడిపోయినప్పుడు వానిని అటకమీదికి చేర్చి, గెలిచినవానిని మాత్రము అచ్చువేయించు దురాచారము దేశదేశములలోను కలదు. దీనిని అరికట్టుటకు మన దేశమున 2007లో ఒక జాతీయ పట్టిక ఏర్పడెను. మనుష్యులపై మందును పరీక్షింపదలచినవారు మొదటి రోగిని చేర్చుకొనుటకు ముందే అందు నమోదు చేయవలెను. 2009నుండి ఇది తప్పనిసరియైనది. ముందుగా నమోదైన పరీక్ష గెలిచినను ఓడినను దాని పేరు చెరుగదు.

పరీక్షలో నెగ్గిన సారము వేరు, సంతలో దొరకు పొడి వేరు అనునది కూడ గమనింపదగినది. ఏలూరున ఇచ్చినది కొలత తెలిసిన సారము. చెట్టు, ఋతువు, తీసిన విధము మారినచో బంకలోని ఆమ్లముల పాలు మారును. అంతకంటె చెడ్డ సంగతి మరియొకటి కలదు: అద్భుతముగా పనిచేయునని పేరుబడ్డ కొన్ని మూలికాచూర్ణములలో రహస్యముగా స్టెరాయిడ్ కలిపియుండుట అనేక పర్యాయములు బయటపడినది. మ్రింగిన రెండవనాడే నొప్పి మాయమైనచో సంతోషించుటకు బదులు సందేహింపవలెను. అట్టివానిని నెలల తరబడి వాడినవారికి ముఖము ఉబ్బును, ఎముకలు పెళుసుబారును, నెత్తురులో చక్కెర హెచ్చును.

నాగపురమున ఒక్కొక్క పాళికి నడచినది 8 వారములు. ఏలూరున 90 దినములు. అరిగిన మోకాటితో మనుష్యుడు పొలమునకు పోవలసినది, మెట్లెక్కవలసినది ఇరువది ముప్పది సంవత్సరములు.